నా కొలతకు తవ్విన గుంత

ఆ రోజుల్లో మట్టిని చూడటం కూడా ఒక ఉద్యోగమేనని ఎవరికైనా చెబితే ముందు నవ్వేవాళ్లు, తర్వాత జాలిపడేవాళ్లు. అడవులు, చెరువులు, గడ్డి నేలలు, వాటి బాగోగులు చూసే చదువులకు ఇప్పుడున్న పెద్ద పెద్ద పేర్లు అప్పటికింకా మా పాతబస్తీ దాకా రాలేదు. పోలీసంటే లాఠీ, పంతులంటే బెత్తం, కండక్టరంటే టికెట్ల సంచీ. మట్టి చూసేవాడంటే ఏమిటో చూపించుకోవడానికి నా దగ్గర ఒక చాకు, ఒక నీళ్ల సీసా, ఒక భూతద్దం మాత్రమే ఉండేవి. (ఆ భూతద్దం చూసి మా వాడకట్టులో కొందరు నేను గడియారాలు బాగుచేసే పనిలో చేరాననుకున్నారు. నేనూ కాదనలేదు. ఉన్నదానికంటే అదే కొంచెం మర్యాదగా అనిపించింది.)

మాది మాదన్నపేటలో మిర్చి, చింతపండు టోకు వ్యాపారం. మా తాత కూర్చున్న గద్దె మీద మా బాపు కూర్చున్నాడు, బాపు తర్వాత నేను కూర్చోవాలి. ఇందులో ఎవరికీ ఏ అనుమానమూ లేదు, ఒక్క నా ముక్కుకు తప్ప. దుకాణం గడప దాటితే చాలు, వరసగా తుమ్ములు. నేల మీద ప్రేమతోనే ఈ దారి పట్టానని తర్వాత ఎన్నో సభల్లో గొంతు సవరించుకుని మరీ చెప్పాను. అబద్ధం. మిర్చి ఘాటు పడక పట్టాను. ప్రభుత్వంలో నేలలు పరిశీలించే ఒక ఆఫీసులో ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం దొరికిందని చెప్పిన రోజు బాపు చింతపండు బుట్ట మీది ఈగలు తోలుతూ నా వైపు చూడకుండానే అన్నాడు.

"మన్ను చూసుడు గూడ ఒక నౌకరేనారా? మన్ను యాడ జూసినా మన్నే గద."

చివరికి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఆరు నెలల చివర నేను ఒక్కణ్నే నిలబడి ఒక గుంత తవ్వించాలి, దాని గోడలో కనబడే మట్టి పొరలన్నీ వివరంగా రాయాలి, ఆఫీసు నుంచి పెద్దసారు వచ్చి గుంతలోకి దిగి చూసి సరే అనాలి. అంటే ఉద్యోగం పక్కా. అనకపోతే మర్నాడే గద్దె. బాపు మాట మీద నిలబడే మనిషే గాని, ముందుచూపు కూడా ఎక్కువ. అయిదో నెలలోనే గద్దెకు నా కోసం కొత్త గలేబు కుట్టించాడు. రోజూ పనికి పోయేటప్పుడు ఆ తెల్లటి గలేబు నాకేసి చూస్తూ ఉండేది.

నా గుంతకు ఇచ్చిన స్థలం చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి బార్కస్ వైపు పోతే వస్తుంది. అప్పట్లో అటంతా జామతోటలు. ఆ తోటలు అయిపోయిన చోట రాళ్లూ తంగేడు పొదలూ పిచ్చి సీతాఫలాలూ ఉన్న ఒక వాలు ఉండేది. అది సర్కారు భూమి. అక్కడ చెట్లు పెట్టాలా, లేక పనికిరాని నేల అని రాసేసి రాళ్లు కొట్టేవాళ్లకు ఇచ్చెయ్యాలా అన్నది నా గుంత చెప్పాలి. ఆఫీసులో అందరూ అది పనికిరాని నేలేనని ముందే అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఎందుకో గాని ఆ వాలు మీద నిలబడితే మనసు కుదురుగా ఉండేది కాదు. పక్షి అరుపు వినబడదు. ఎక్కడో దూరంగా తోటలో మాట్లాడుకునే మనుషుల గొంతులు గాలికి కొట్టుకొచ్చి సరిగ్గా మన చెవి పక్కన వినబడతాయి, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అన్నిటికంటే అన్యాయం, కాలు గట్టిగా వేస్తే కింద డొల్లగా ఒక చప్పుడు. చివికిన రాయి మీద పలుచగా మట్టి ఉంటే అట్లాగే మోగుతుందని పుస్తకంలో చదువుకున్నాను. చదువుకున్నంత మాత్రాన భయం తగ్గలేదు, ఆ భయానికి కారణం ఇదీ అని మాత్రం తెలిసింది.

కూలీల అడ్డా మీద నుంచి తెచ్చుకున్న ఇద్దరు మనుషులు మోకాలి లోతు తవ్వి, మొరం తగలగానే ఆగారు. ఒకాయన గడ్డపార వేశాడు, కిందినుంచి డొల్లగా జవాబు వచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నం తినొస్తామని పోయినవాళ్లు మళ్లీ రాలేదు, తట్ట కూడా అక్కడే వదిలేసి పోయారు. పెద్దసారు రావడానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి. ఏడుపు ఒక్కటే తక్కువగా బార్కస్ మూలమీది చాయ్ హోటల్లో కూర్చుంటే హోటల్ భాయ్ సంగతి అడిగాడు. రాతి మొరంలో నిలువు గోడలతో గుంత కావాలన్నాను.

"గోడలు సీదా రావాల్నంటే చిచ్చానే రావాలె," అన్నాడాయన. "ముప్పై ఏండ్ల సంది తవ్వుతుండు. ఆయన తవ్విన గుంతకు వంక పెట్టినోడు ఇంతవరకు ఒక్కడు గూడ లేడు."

చాయ్ తాగుతున్నవాళ్లంతా అవునవునని తలలూపారు. అది ఎంత గొప్ప కితాబో అనుకుని నేను సంతోషంగా ఇంకో చాయ్ చెప్పాను. ముప్పై ఏళ్లలో ఒక్కరు కూడా ఎందుకు వంక పెట్టలేదో, అసలు ఆ మనిషి తవ్వేది ఏం గుంతలో అడగాలని నాకు తోచలేదు. కొత్తగా నేర్చుకున్న చదువుతో ఒక చిక్కు ఉంది. లోకంలో తవ్వే ప్రతి గుంతా నా చదువు కోసమే తవ్వుతున్నారనిపించేది.

మర్నాడు పొద్దున్నే చిచ్చా, అంటే ఆ వాడకంతా బాబాయి, వచ్చాడు. పొడుగ్గా, బక్కగా, గోరింటాకు పెట్టిన గడ్డంతో, గళ్ల లుంగీ మోకాళ్ల పైకి కట్టి, పార భుజాన వేసుకుని వాలు ఎక్కుతుంటే అడుగుల చప్పుడే లేదు. ఆయన కాలి కింద ఆ నేల మోగకపోవడం అప్పుడే గమనించాను. వస్తూనే నేలను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. కొలత ఎంత అని అడగలేదు. కొలత ఎవరిది అని అడిగాడు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. గుంత ఆరడుగుల పొడుగుండాలని ఆఫీసు కాగితంలో ఉంది. కొలిచే టేపు నా దగ్గర లేదు. టేపు బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి గుమాస్తా దగ్గర ఉంది, గుమాస్తా బావమరిది పెళ్లికి సెలవు మీద పోయాడు. నేను ఆరడుగులకు రెండు వేళ్లు తక్కువ. ఇంత సులువైన ఉపాయం ఇంకొకరికి తట్టదనుకుని, నా కొలతే తీసుకొమ్మన్నాను, ఒక రెండు వేళ్లు కలిపితే సరిపోతుందని. చిచ్చా కదల్లేదు.

"సోంచ్ లే బేటా. కొలత ఒక్కపాలి తీస్తే తీసినట్టే."

"తియ్యి చిచ్చా," అన్నాను, "గింత దానికి ఫికర్ ఏంది?"

ఆయన మొలలోంచి ఒక నల్లటి దారం తీశాడు. నన్ను నిటారుగా నిలబడమన్నాడు, చేతులు పక్కలకు ఆనించమన్నాడు, గదవ కొంచెం ఎత్తమన్నాడు. మడమ దగ్గర ఒక ముడి వేశాడు. దారం వీపు మీదుగా పైకి పోతుంటే చొక్కా లోపల చీమ పాకినట్టయింది. నడినెత్తి దగ్గర రెండో ముడి వేసేటప్పుడు నోట్లో ఏదో అనుకున్నాడు, నా మొహం మాత్రం చూడలేదు. (మా మేరాయన చొక్కాకు కొలత తీసేటప్పుడు ఊరి సంగతులన్నీ చెబుతాడు. ఈయన ఏమీ చెప్పడేమిటా అని మాత్రం అనుకున్నాను. అంతకు మించి నా బుర్ర పోలేదు.)

అడ్డావాళ్ల గుంత పక్కన కొత్తగా తవ్వడం మొదలుపెట్టాక మాత్రం చూడముచ్చటగా ఉంది. చెప్పులు దూరంగా విడిచాడు. గుంతను ఒక్కసారి కూడా దాటలేదు, ఎటు పోవాలన్నా చుట్టూ తిరిగే పోయాడు. నేను నా పెద్దరికం చూపించాలి గనుక, మట్టిని అంతా ఒకే కుప్ప పోయొద్దని చెప్పాను. పైన ఉన్న నల్లటి మట్టి ఎడమ పక్క, దాని కింద ఎర్రమట్టి కుడిపక్క, మొరం కాళ్ల వైపు. పని అయిపోయాక పూడ్చేటప్పుడు ఏ పొర ఆ పొరలాగే తిరిగి వెయ్యాలని, అది మా పనిలో నియమమని చెప్పాను. చిచ్చాకు నవ్వొచ్చింది, మట్టికి గూడ వరుస ఉంటదా అన్నాడు. ఉంటుందన్నాను. ఆ పైజానెడు మట్టి తయారుకావడానికి మనిషి ఆయుష్షులు ఎన్నో పడతాయనీ, లక్షల పురుగులూ వేర్లూ ఊపిరి పీల్చేది అందులోనేననీ, దాన్ని అడుగున వేసి మొరం పైకి తెస్తే ఏళ్ల తరబడి గడ్డిపోచ మొలవదనీ పాఠం మొత్తం అప్పజెప్పాను. ఆఖరికి ఆయన భాషలో చెబుదామని, "పైమట్టిల్నే పాణం ఉంటది చిచ్చా," అన్నాను. ఆయన పార ఆపి, ఎడమపక్క కుప్ప వైపు చాలాసేపు చూశాడు.

"ముప్పై ఏండ్లు," అన్నాడు మెల్లగా. "పాణం ఉన్నదాన్ని అడుగుకు ఏస్తున్న గద నేను."

అప్పటికైనా నాకు వెలగాలి. వెలగలేదు. సాయంత్రానికి గుంత నా మెడ లోతు వచ్చింది. గోడలు కత్తితో కోసినట్టున్నాయి. ఇంకా కొంచెం పనుందని చిచ్చా అంటే సరేనని, మా అక్క అల్లిన ఆకుపచ్చ మఫ్లర్ తంగేడు కొమ్మ మీద మరిచిపోయి, నేను బస్సు కోసం దిగిపోయాను.

బస్సు రాకముందు హోటల్లో చాయ్ తాగుతూ, చిచ్చా పనితనం అద్భుతమని హోటల్ భాయ్‌తో అన్నాను. ఆయన సంతోషించి, "ఖబ్రస్తాన్‌ల పెద్ద పెద్దోళ్లకు ఆయన చేత్తోటే తవ్విపిచ్చుకోవాల్నని ముందే చెప్పిపెట్టుకుంటరు," అన్నాడు. చిచ్చా తవ్వేవి గోరీల గుంతలని అప్పుడు తెలిసి, చాయ్ గొంతులో అడ్డం పడింది. ఆయన నా వీపు తడుతూ, ఊరికే అడిగినట్టు, నిన్ను కొలవలేదు గదా అని అడిగాడు. కొలిచాడన్నాను. హోటల్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది. మూలనున్న పెద్దాయన లేచి వచ్చి నన్ను తలనుంచి కాలి దాకా చూసి, నా భుజం మీద చెయ్యేసి నొక్కి, బయటికి పోయాడు. ఎవరో తన ముందున్న బిస్కట్ల పళ్లెం నా వైపు జరిపారు. ఎంత వద్దన్నా వినకుండా నన్ను బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, బస్సు కదిలేదాకా నలుగురు నిలబడి చూశారు. జన్మలో ఎప్పుడూ నాకు అంత మర్యాద జరగలేదు. అంత భయమూ వెయ్యలేదు.

ఇంట్లో అన్నం సయించలేదు. నాయనమ్మ నుదురు మీద చెయ్యిపెట్టి చూసి, ఏమైందో చెప్పేదాకా వదల్లేదు. చెప్పాను. ఆమె నిదానంగా విని, "మనోళ్లను కాలుస్తరు గదరా, గుంతల పెట్టరు. ఆయన కొలత నీకు తాకది," అని తేల్చి, ఇంకో ముద్ద కలిపింది. ఇంత గట్టి తర్కం మా ఆఫీసు పుస్తకాల్లో ఎక్కడా లేదు. అయినా ధైర్యం రాలేదు. ఆఫీసుకు ముఖం చాటేద్దామా అంటే గోడకు ఆనించి తెల్ల గలేబు గద్దె కనబడుతోంది. ఒకవైపు గుంత, ఒకవైపు గద్దె. రెండూ నా కొలతకే చేయించినవి.

తెల్లవారుతూనే బయలుదేరాను. పది గంటలకు పెద్దసారు జీపు వస్తుంది, ఆలోపల పొరలన్నీ రాయాలి. చలికాలం, పైగా పొగమంచు. జామతోటల దాకా దారి కనబడింది, ఆ తర్వాత నా కాళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అడుగు వేస్తే నేల మోగుతోంది. ఆగితే ఆగుతోంది. ఎవరో నాతో పాటే నడుస్తున్నట్టు ఆ చప్పుడు నా అడుగుకు సగం అడుగు వెనక వస్తోంది. గొంతులోంచి ఏదో పాట కూనిరాగం తీయబోయాను, అది మంచులోకి పోయి వేరే ఎవరి గొంతులాగో తిరిగొచ్చింది, మానుకున్నాను. మట్టికుప్ప తగిలాక గాని గుంత దగ్గరికి వచ్చానని తెలియలేదు. కుప్ప ఎక్కి లోపలికి తొంగిచూశాను.

గుంతలో ఒక మనిషి పడుకుని ఉన్నాడు.

తలనుంచి కాళ్ల దాకా తెల్లబట్ట. ఒక పక్కకు తిరిగి, పడమటి గోడలోకి దూరినట్టు సగం లోపలికి జరిగి పడుకున్నాడు. పొడుగు సరిగ్గా నా పొడుగే. మెడకు ఆకుపచ్చ మఫ్లర్ చుట్టి ఉంది. మా అక్క మూడో వరుసలో తప్పిన కుట్టు కూడా కనబడుతోంది. ఆ మఫ్లర్ నాదేనా అని ఇంకా ముందుకు వంగాను. ఈలోగా కాళ్ల కింద కుప్ప కరిగింది. (అది ఎర్రమట్టి కుప్ప. ఎర్రమట్టి వదులుగా పోస్తే నిలబడదని నేనే నిన్న రాసుకున్నాను.) జారి నేరుగా పోయి ఆ మనిషి మీద పడ్డాను. అది కరకరమంది. కళ్లు మూసుకునే చేత్తో తడిమాను. ఆకులు. వేపాకు వాసన. తెల్లబట్ట కింద మనిషి పొడుగు వేపకొమ్మ ఉంది, అంతే.

నేను లేచి నిలబడేసరికి మెడ దాకా గుంతలో, ఒళ్లంతా ఎర్రమట్టి, చేతిలో మఫ్లర్. సరిగ్గా అప్పుడే మంచులోంచి గడ్డి కోసే ఒకామె అటు వచ్చింది. ఆమె అరవలేదు, అరిస్తే బాగుండేది. గడ్డిమోపు చప్పుడు కాకుండా కింద పెట్టి, కొడవలి దాని మీద పెట్టి, నా వైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మంచులో కలిసిపోయింది. నేను అమ్మా అని పిలిచాను. పిలవకుండా ఉండాల్సింది.

కాసేపటికి చిచ్చా వచ్చి చెయ్యందించాడు. ఇదేమిటని కోపంగా అడిగాను. ఆయన గుంత అంచున గొంతుక్కూర్చుని, తప్పు చేసినవాడిలా మెల్లగా చెప్పాడు.

"గుంత ఖాలీగ ఉండొద్దు బేటా. ఖాలీగ ఉంటే పిలుస్తది. కితాబుల లేదు, మౌల్వీ సాబ్‌కు తెలిస్తే తిడ్తడు, గని మా ఉస్తాద్ గిట్లనే చేస్తుండె. నీ కొలత గద, నీ బదులు నీదేదన్న ఒకటి పెట్టాలె. మఫ్లర్ దొరికింది."

అంటే నేను ఇంట్లో ముద్ద దిగక కూర్చున్న సాయంత్రం, ఈ ముసలాయన ఇక్కడ నా బదులు కొమ్మను పడుకోబెట్టి, చలి పెట్టకుండా మెడకు మఫ్లర్ కూడా చుట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడే పడమటి గోడ సరిగ్గా చూశాను. అడుగున, గోడ పొడుగునా, లోపలికి రెండు జానల లోతు గూడు తొలిచి ఉంది. ఆయన 'కొంచెం పని' అన్నది అదే. వాళ్ల పద్ధతిలో మనిషిని పడుకోబెట్టే చోటు, లహద్ అంటారు. ఆయన చేతులకు వచ్చిన గుంత ఒక్కటే, గూడు లేకుండా ఆ చేతులు ఊరుకోలేవు. పొద్దుటి ఎండ పడేది పడమటి గోడ మీదనే గనుక పెద్దసారుకు చూపించాల్సిన గోడా అదే. నా ఆరు నెలల కష్టానికి సరిగ్గా నడిమధ్యన చిల్లు పడింది. ఇంకో గుంతకు టైము లేదు. మిర్చి ఘాటు అక్కడికే వచ్చినట్టు నాకు తుమ్మొచ్చింది.

కొమ్మనూ బట్టనూ పైకి తీసి, పొరలన్నీ గబగబా రాసి, మంచు విడిచే వేళకు ముగించేసరికి జీపు వచ్చింది. పెద్దసారు లావుపాటి కళ్లద్దాల మనిషి, మాట తక్కువ. టోపీ తీసి, గుంతలోకి దిగి, మట్టి తడిపి వేళ్ల మధ్య నులిపి చూశాడు. నేను రాసింది చదివాడు, చివర 'పనికిరాని నేల' అన్న మాట దగ్గర తలూపాడు. ఆ తర్వాత ఆయన చూపు గూడు మీద పడింది. ఇదేమిటని అడగలేదు. మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి మోచెయ్యి దాటేదాకా లోపలికి పెట్టాడు. మరుక్షణం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మొహం పాలిపోయింది.

"లోపల తల వెంట్రుకలున్నాయి," అన్నాడు.

నేను భూతద్దం కోసం జేబులు తడుముకున్నాను. పైన చిచ్చా ఒక్కడే ప్రశాంతంగా తలూపాడు. "అవి వేర్లు సాబ్," అన్నాడు. "ప్రతి దాంట్ల వస్తయ్. మనిషికంటె ముందే వచ్చి కూసుంటయ్."

నా భూతద్దం మొదటిసారి అక్కరకొచ్చింది. గూడు లోపలి వైపు, మొరం బీటల్లోంచి, సీతాఫలం వేర్లు జుట్టులా సన్నగా వందలు దిగి ఉన్నాయి. బతికున్న వేర్లు, కొసలు తెల్లగా, తడిగా. ఆ బీటల్లో చెయ్యి పెడితే చల్లగా చెమ్మ తగిలింది. పైనుంచి చూస్తే ఎండి రాయిలా కనబడే మొరం లోపల నీళ్లు దాచుకుని కూర్చుంది. మామూలుగా తవ్వి నునుపుగా చెక్కిన గోడలో ఇది కనబడదు, ఎండకు గంటలో ఆరిపోతుంది, వేర్లు పార కిందే తెగిపోతాయి. పెద్దసారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. చెట్లు ఇక్కడ బతుకుతాయి, ఇప్పటికే బతుకుతున్నాయి అన్నాడు. నా కాగితంలో 'పనికిరాని' అన్న మాట కొట్టేశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ముప్పై గుంతలు చూశాను ఈ ఏడాది. పక్కకు తొలిచి చూడాలని ఒక్కడికీ తట్టలేదు. ఎవరి ఐడియా ఇది?"

ఒక్క క్షణం. చిచ్చా గట్టు మీద నిలబడి ఉన్నాడు. నా కళ్ల ముందు తెల్ల గలేబు గద్దె ఉంది.

"నాదే సార్," అన్నాను.

చిచ్చా మొహంలో ఏమీ మారలేదు. అదే నాకు ఇప్పటికీ మరపురాదు. జీపు పోయాక గుంత పూడ్చడం మొదలుపెట్టాడు. మొరం అడుగున, దాని మీద ఎర్రమట్టి, చిట్టచివర నల్లమట్టి. నేను చెప్పిన వరసలో, నాకంటే శ్రద్ధగా, చేత్తో చదును చేస్తూ పూడ్చాడు. అన్నిటికంటే ముందు వేపకొమ్మను తిరిగి గూట్లో పెట్టాడు. మఫ్లర్ తీసుకోబోతే అది ఇంక నాది కాదన్నాడు, అదీ లోపలికే పోయింది. (మా అక్కకు బస్సులో పోయిందని చెప్పాను. ఆ రోజు అబద్ధాలు బాగా సాగాయి.) నేను ఏదో అనబోయాను. ఆలోపలే ఆయన మొలలోంచి ముడులున్న నల్లదారం తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ కొలత ఎవ్వరి దగ్గర ఉండనియ్యకు. నౌకరీ పక్కా అయిందా బేటా?"

అయిందన్నాను. మంచిదని, పార భుజాన వేసుకుని, చప్పుడు లేని అడుగులతో దిగిపోయాడు.

నిజంగానే పక్కా అయింది. బాపు ఆ గలేబు మా చిన్నతమ్ముడికి సరిపోతుందేమోనని కొలిచి చూశాడు. ఆఫీసులో గుంత గోడను పక్కకు తొలిచి వేర్లు చూడటానికి నా ఇంటిపేరే పెట్టి, ఫలానా వారి పద్ధతి అని అనడం మొదలుపెట్టారు. జిల్లాలు తిరిగాను, కొత్తగా చేరినవాళ్లకు నేర్పాను. అది ఎలా తట్టిందని ఎవరైనా అడిగితే కిటికీలోంచి దూరంగా చూస్తూ చిన్నగా నవ్వేవాణ్ణి. అలా చేస్తే ఇంకేమీ అడగరు. కాని ఏ ఊళ్లో గుంత తవ్వించినా, సాయంత్రం వదిలి వచ్చే ముందు ఎవరూ చూడకుండా ఒక వేపరెమ్మ లోపల వేసేవాణ్ణి. ఇది మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు గడిచాక, ఆ వాలు మీద పెట్టిన చెట్లు లెక్కచూడటానికి మళ్లీ అటు పంపారు. చెట్లు బాగానే వచ్చాయి. పక్షుల గోలకు మనిషి మాట వినబడటం లేదు. హోటల్ భాయ్ నన్ను చూసి ముందు నా నీడ పడుతోందా అని చూశాడు, తర్వాత కౌగిలించుకున్నాడు. చిచ్చా గురించి అడిగితే, రెండు వానాకాలాల కింద పోయాడని చెప్పి, దగ్గరుండి ఖబ్రస్తాన్‌కు తీసుకుపోయాడు. అప్పుడే తొలకరి పడింది. గేటు లోపల అడుగుపెట్టి ఆగిపోయాను. పాత గోరీల మీదంతా ఎర్రగా, గట్టిగా, ఒక్క పోచ లేని మొరం. ఒక వరస దగ్గరనుంచి మాత్రం, గీత గీసినట్టు, ప్రతి గోరీ మీదా గడ్డి. పచ్చగా, ఒత్తుగా, ఆ చివరి దాకా. మట్టి చదివినవాడికి ఆ గీత ఏ సంవత్సరం మొదలైందో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

చిచ్చా తమ్ముడి కొడుకు, నా వయసువాడే, అక్కడ పార పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డి సంగతి అడిగాను. చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటలా చెప్పాడు.

"పైమట్టిల పాణం ఉంటదంట సాబ్. పక్కకు పెట్టి ఆఖరికి పైకే ఎయ్యాలె. చిచ్చా ప్రతి మయ్యత్‌కు వచ్చినోళ్లకందరికి చెప్తుండె, ఇది నా తెలివి గాదు, మాదన్నపేట మట్టి సాబ్ నేర్పిండు అని. ఆయన పేరు చెప్పకుంట ఒక్క గోరీ గూడ పూడ్చలే."

ఆరేడేళ్లు. నేను ఆయన గూడుకు నా ఇంటిపేరు తగిలించుకుని జిల్లాలు తిరుగుతుంటే, ఆయన ఇక్కడ పోయినవాళ్ల ముందూ ఉన్నవాళ్ల ముందూ నా పేరు చెబుతూ నిలబడ్డాడు. చిచ్చా గోరీ మీద కూడా గడ్డి మోకాలి ఎత్తు ఉంది. కళ్లు మసకబారాయి. తమ్ముడి కొడుకు నన్ను చూసి, మీరెవరు సాబ్ అని అడిగాడు. మట్టి సాబ్‌ను అని చెప్పడానికి నోరు రాలేదు.

"చిచ్చా దగ్గర పని నేర్చుకున్నోణ్ణి," అన్నాను.

ఆ తర్వాత ఒక పెద్ద సభలో నా పద్ధతి గురించి మాట్లాడమంటే నిలబడి మొత్తం నిజం చెప్పేశాను. గూడు, వేపకొమ్మ, మఫ్లర్, నాదే సార్ అన్న మాటతో సహా. జనం పొట్టలు పట్టుకుని నవ్వి చప్పట్లు కొట్టారు. నాకు హాస్యం కూడా వచ్చునని పేరొచ్చింది గాని, పద్ధతికి పేరు మాత్రం మారలేదు. అందుకే ఇప్పుడు రాసి పెడుతున్నాను, నవ్వుకున్నా ఫరవాలేదు, నమ్మండి.

దారం ఇప్పటికీ నా భూతద్దం డబ్బాలో ఉంది. మొన్న మనవరాలు డబ్బా సర్దుతూ ఇదేమిటని అడిగితే, ఒక ముడి మడమ కింద తొక్కిపెట్టి, ఇంకోటి నెత్తికి పట్టమన్నాను. తాతా, నువ్వు చాలట్లేదు అంది. చూస్తే నిజమే, పై ముడికి రెండు వేళ్ల కింద ఆగిపోయాను. ఆ రోజు నిటారుగా నిలబడి, గదవ ఎత్తి, ఫికర్ ఏంది అన్న ఆ పొడుగుపాటి మూర్ఖుడు ఇప్పుడు లేడు. చిచ్చా వాడిని ఎప్పుడో ఆ వాలు మీద, మెడకు మఫ్లర్ చుట్టి, పైమట్టి పైకే వేసి పూడ్చిపెట్టాడు. వాడి మీద చెట్లు బాగా వచ్చాయి, నేనే లెక్కపెట్టి చూశాను.